ఇంకే నీరు, పారే నీరు

నేల గురించి పాఠాలు చెబుతూ జీవితం గడిపిన ఒక ఉపాధ్యాయుని పేర జరుగుతున్న సభ ఇది. ఆ పేరుకు తగిన విషయం నేలే. నీరు రాతిని మట్టిగా ఎలా మారుస్తుంది, ఆ మట్టిని ఎలా మోసుకుపోతుంది, ఈ రెండు పనుల మధ్య మన చేతిలో ఉన్నది ఎంత అన్నవి ఈ సాయంకాలం మీ ముందు పెడతాను. నా వాదం ఒక్కటే. మట్టిని చేసేది నేలలో ఇంకే నీరు, మట్టిని తీసుకుపోయేది నేల మీద పారే నీరు. వాన ఒకటే అయినా పడ్డచోట అది ఏ దారి పట్టిందన్న దాని మీద చేను ఉండడమూ పోవడమూ ఆధారపడుతుంది. అయినా మన నీటిపారుదల లెక్కలన్నీ నీటిని టీఎంసీల్లో కొలుస్తాయి, దాని వెంట వచ్చే మట్టిని మాత్రం అంత శ్రద్ధగా కొలవవు. ఈ లోపం ఎంత పెద్దదో చెప్పడానికే ఈ ఉపన్యాసం.

మొదట సాక్ష్యం చూద్దాం. హైదరాబాదు చుట్టుపక్కల, గోల్కొండ నుంచి నల్లగొండ దాకా, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పెట్టినట్టు నిలిచిన గుండ్లు మనందరికీ తెలుసు. నదిలో దొర్లి నునుపైన గులకరాళ్ళను చూసిన కంటికి ఈ గుండ్లు కూడా ఎక్కడినుంచో దొర్లుకుంటూ వచ్చి గుండ్రబడ్డాయనిపిస్తుంది. అవి ఒక్క అడుగు కూడా కదలలేదు. సుమారు 250 కోట్ల ఏళ్ళ కిందట భూమి లోతుల్లో గడ్డకట్టిన గ్రానైటు ఇది. పైనున్న బరువు కోట్ల ఏళ్ళలో తరిగిపోతుంటే లోపలి బండ ఊపిరి పీల్చుకున్నట్టు వదులై, నిలువుగా, అడ్డంగా పగుళ్ళు తేలింది. వాన నీరు ఆ పగుళ్ళలోకి దిగింది. నాలుగు పలకల దిమ్మెలా ఉన్న రాతికి నీరు ముఖం మీద ఒకవైపు నుంచే తగులుతుంది, అంచు మీద రెండు వైపుల నుంచి, మూల మీద మూడు వైపుల నుంచి తగులుతుంది. కాబట్టి మూలలు ముందు చివికాయి, తర్వాత అంచులు చివికాయి. నడుమ మిగిలిన గట్టి గుండు భూమిలో ఉండగానే గుండ్రంగా తయారైంది. దాని చుట్టూ ఉన్నదంతా మొరమైంది. ఆ తర్వాత ఎప్పుడో, మట్టి పుట్టే వేగం కన్నా కొట్టుకుపోయే వేగం ఎక్కువైన కాలంలో, మొరమంతా పోయి గుండ్లు బయటపడ్డాయి. ఒక గుట్టలో రెండు కథలున్నాయన్నమాట. ఇంకిన నీరు రాతిని చివికించిన కథ ఒకటి, పారిన నీరు ఆ చివికినదాన్ని ఊడ్చుకుపోయిన కథ మరొకటి. నగరం విస్తరిస్తూ ఈ గుట్టలను కంకర చేసి పరుచుకుంటున్నది. కోట్ల ఏళ్ళ దస్తావేజును చింపి రోడ్డు కింద వేసుకుంటున్నామన్న బాధ నాకుంది.

నీరు రాతిని ఎలా చివికిస్తుందన్న ప్రశ్నకు పాఠ్యపుస్తకాలు సాధారణంగా మంచుతో మొదలుపెడతాయి. పగుళ్ళలో నీరు గడ్డకట్టి, దాదాపు తొమ్మిది శాతం ఉబ్బి, రాతిని చీలుస్తుందని రాస్తాయి. నిజమే, కానీ అది హిమాలయాల పాఠం. దక్కన్ పీఠభూమిలో పని చేసేది రసాయనం. వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకుని, నేలను తాకేలోపే కొద్దిగా ఆమ్లమవుతుంది. నేలలో వేళ్ళూ సూక్ష్మజీవులూ ఊపిరి విడుస్తుంటాయి గనుక మట్టి రంధ్రాల్లో ఆ వాయువు బయటి గాలిలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. అక్కడ నీటికి బలం పెరుగుతుంది. గ్రానైటులో సగానికి పైగా ఉండే ఫెల్డ్‌స్పార్ ఖనిజం మీద ఆ నీరు ఏళ్ళ తరబడి నిలిచి ఉంటే పొటాషియం, సోడియం, కాల్షియం కరిగి పోతాయి, బంకమన్ను మిగులుతుంది. నల్ల అభ్రకం నీరు పీల్చి ఉబ్బి చుట్టూ ఉన్న గింజలను విడదీస్తుంది. పలుగురాయి మాత్రం లొంగదు, ఇసుకగా విడిపోతుంది. బావి తవ్వేవాళ్ళకు ఈ వరుస పుస్తకం లేకుండానే తెలుసు. పైన మట్టి, కింద మొరం, దాని కింద పారకు తునిగే మెత్తరాయి, చివరకు గునపం మోగే బండ. తెలంగాణ, రాయలసీమల్లో తాతల నాటి బావుల్లో ఊరిన నీరు చాలావరకు ఆ నడిమి పొరల్లో దాగిన నీరే. మట్టిని చేసే గదే నీటిని దాచే గది కూడా.

ఈ పనిలో మేలు ఒక్కటే ఉందనుకుంటే పొరపాటు. నీరు రాతిలోంచి ఏది కరిగిస్తే అది మన గొంతులోకి వస్తుంది. ఫ్లోరైడు ఉన్న గ్రానైటుల మీద నిలిచిన నీరు ఆ ఫ్లోరైడును తనలో కలుపుకుంటుంది. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో వైద్యులు గుర్తించిన ఎముకల జబ్బుకూ, నల్లగొండ పల్లెల్లో వంగిపోయిన వెన్నులకూ మూలం అదే. లోతు బోర్లలో ఎక్కువకాలం రాతితో కలిసున్న నీటిలోనే ఈ దోషం ఎక్కువ. రాతికీ నీటికీ నడిచే ఈ వ్యవహారాన్ని శాస్త్రజ్ఞుల గొడవగా వదిలేయకూడదని చెప్పడానికి ఇంతకన్నా బరువైన ఉదాహరణ నాకు తెలియదు.

రాయి మారితే మట్టి మారుతుంది. సుమారు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పొరలు పొరలుగా పారిన లావా నల్లరాయి చివికి నల్లరేగడి అయింది. తడిస్తే ఉబ్బి, ఎండితే బారెడు నెర్రెలు ఇచ్చే దాని గుణం ఆ రాతిలోని ఖనిజాల నుంచి వచ్చినదే. నంద్యాల జిల్లా బెలుంలో సున్నపురాతిని నీరు పూర్తిగా కరిగించి, మూడు కిలోమీటర్లకు పైగా గుహల దారులు తొలిచింది. అక్కడ చేను మిగల్లేదు, ఖాళీ మిగిలింది. ఈ తేడాలను ఇంతకన్నా సాగదీయను. మూడింటిలోనూ నీటికి కావలసినది ఒకటే, రాతితో కలిసుండే సమయం.

ఆ సమయం ఎంత? గ్రానైటు దేశాల్లో రాయి ఎంత వేగంగా మట్టవుతుందో ఇప్పుడు బెరీలియం-10 అనే అరుదైన పరమాణువుల లెక్కతో కొలుస్తున్నారు. కొండల ఏటవాలు, వాన తీరును బట్టి పది లక్షల ఏళ్ళకు కొన్ని మీటర్ల నుంచి కొన్ని పదుల మీటర్ల దాకా వస్తుంది. పది మీటర్లనుకుందాం. అంటే వందేళ్ళకు ఒక మిల్లీమీటరు. మూడు తరాల రైతులు ఒక చేను దున్నితే, ఆ కాలంలో కింది నుంచి దానికి అందే కొత్త మట్టి గోటి మందమంత.

ఇక రెండో దారి చూద్దాం. పెద్ద చినుకు సెకనుకు 9 మీటర్ల వేగంతో నేలను తాకుతుంది. ఎకరం మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే పడేది 40 టన్నుల నీరు. వాగులో పారే నీరే మట్టిని కోస్తుందని చాలాకాలం అందరూ అనుకున్నారు. 1944లో అమెరికాలో ఎలిసన్ అనే పరిశోధకుడు చినుకు దెబ్బే తొలి దెబ్బని ప్రయోగాలతో చూపించాడు. బట్టబయలు నేల మీద పడ్డ చినుకు మట్టిగడ్డను పగలగొట్టి రేణువులను చిమ్ముతుంది. ఆ మెత్తని రేణువులు చుట్టూ ఉన్న సందులను పూడ్చి, నేల పైన పలుచని పెచ్చు కట్టిస్తాయి. పెచ్చు కట్టాక తర్వాతి చినుకుకు లోపలికి దారి లేదు, పక్కకు పారడమే గతి. ఇంకవలసిన నీరు పారే నీరుగా మారేది సరిగ్గా ఆ క్షణంలోనే. మన పంటల వరుసలో ఈ క్షణం ఎప్పుడు వస్తుందో గమనించండి. మృగశిర, ఆర్ద్ర కార్తెల్లో దుక్కి దున్ని, విత్తనం వేసి, ఆకు ఇంకా పరుచుకోని చేను మీద తొలి జోరువానలు పడతాయి. ఏడాది మొత్తం పోయే మట్టిలో పెద్ద వాటా ఆ కొద్దిరోజుల వానలకే పోవడం అందుకే.

పోయేది ఏ మట్టి అన్నది మరీ ముఖ్యం. 1935లో స్వీడన్‌లో యూల్‌స్త్రోమ్ అనే పరిశోధకుడు నదుల మీద చేసిన కొలతల్లో ఒక చిత్రమైన సంగతి తేలింది. పారే నీటికి అన్నిటికన్నా తేలిగ్గా లొంగేది ఇసుక. బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి గనుక వాటిని ఊడదీయడానికి ఇంకా వేగం కావాలి. కానీ ఒకసారి ఊడితే మాత్రం బంకమన్ను ఆగదు. నిలకడ నీటిలో సన్నని ఇసుక రేణువు పది సెంటీమీటర్లు దిగడానికి సెకన్లు చాలు, బంక రేణువుకు ఎనిమిది గంటలు పడుతుంది. చేలో దాన్ని ఊడదీసే పనిని చినుకు ముందే చేసిపెట్టింది. కాబట్టి గట్టు దాటి వాగులో కలిసేది బంకమన్నూ, దాన్ని పట్టుకున్న సేంద్రియ పదార్థమూ, భాస్వరమూ. గరుసూ గులకా వెనక మిగులుతాయి. నలభై యాభై ఏళ్ళు ఇలా జరిగిన చెలకను చూస్తే, మట్టి అంతా అక్కడే ఉన్నట్టుంటుంది, సారం ఉండదు. తూకంలో చిన్నదిగా కనిపించే నష్టం గుణంలో పెద్దదయ్యేది ఇక్కడే.

దేశం మొత్తానికి ఈ నష్టం ఎంతని అంచనా వేసినవారు ధ్రువనారాయణ, రాంబాబు. 1983లో వారు వేసిన లెక్క ఏటా 533 కోట్ల టన్నులు, సగటున హెక్టారుకు 16 టన్నులు. హెక్టారు మీద ఒక మిల్లీమీటరు మట్టి ఇంచుమించు 13 టన్నులు తూగుతుంది గనుక ఇది ఏడాదికి మిల్లీమీటరు పైచిలుకు. ఇందాక చెప్పుకున్న వందేళ్ళకు ఒక మిల్లీమీటరు పక్కన పెట్టి చూడండి. ఈ పోలికకు అభ్యంతరం ఉంది, అది న్యాయమైనదే. సగటులో చంబల్ లోయ ఒర్రెలూ, చదునైన మాగాణులూ కలిసిపోయాయి. పైగా అదే అంచనా ప్రకారం కదిలిన మట్టిలో 61 శాతం ఒకచోటి నుంచి ఇంకోచోటికి జరిగింది తప్ప సముద్రంలో కలవలేదు. ఒక చేను నష్టం పక్క చేను లాభమే కదా అనవచ్చు. సరే, అంచనాలో పదో వంతే నిజమనుకుందాం. అప్పటికీ పోయేది పుట్టేదానికి పదింతలు. ఇక జరిగిన మట్టి సంగతంటారా, మెరక చేలోంచి పోయిన బంకమన్ను వాగు ఒడ్డున మేట వేస్తే, మెరక రైతుకు దానితో ఒరిగేదేమీ లేదు. తెలంగాణలో మెరక చేలు ఎవరివో, పల్లపు మాగాణులు ఎవరివో చూస్తే ఈ బదిలీ ఎవరి దగ్గర్నుంచి ఎవరికి పోతున్నదో తెలుస్తుంది.

మరో అభ్యంతరం రైతుల నుంచే వస్తుంది. సారం పోతే ఎరువు వేసుకుంటాం, ఇంత బెంగ ఎందుకని అడుగుతారు. ఎరువు పోషకాలను తెస్తుంది. బంకమన్ను పట్టి ఉంచే తడిని ఎరువు తేలేదు. రెండు వానల మధ్య ఇరవై రోజుల ఎడం వచ్చినప్పుడు పైరు బతికేది వేళ్ళ కింద నిల్వ ఉన్న తడితోనే. ఆ తడికి పాత్ర మట్టి మందం. పలుచబడ్డ చేలో వేసిన యూరియా తర్వాతి వానకు వాగులోకే పోతుంది. నీటిని ఇంకనిస్తే మట్టి నిలుస్తుందనడానికి మన దగ్గరే మంచి రుజువుంది. పటాన్‌చెరువు దగ్గర ఇక్రిశాట్ పరిశోధన సంస్థలో 1976 నుంచి నల్లరేగడి మీద రెండు పద్ధతులను పక్కపక్కనే నడిపి కొలిచారు. పాత పద్ధతిలో వానాకాలం చేను బీడుగా వదిలి తర్వాత రబీ పంట వేశారు. రెండోచోట వాలుకు తగినట్టు వెడల్పాటి మళ్ళూ కాలువలూ తీసి, వానాకాలంలోనే పైరుతో నేలను కప్పారు. ఒకే మబ్బు, ఒకే రాతి నుంచి పుట్టిన మట్టి. పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా ఆరున్నర టన్నుల మట్టి పోతే, కొత్తదానిలో టన్నున్నర పోయింది. దిగుబడి దశాబ్దాల సగటున నాలుగైదు రెట్లు పెరిగింది. అంత దిగుబడికి ఎరువులూ మంచి విత్తనాలూ కూడా కారణమే, కాదనను. కానీ మట్టి పోవడం నాలుగో వంతుకు తగ్గడానికి కారణం విత్తనం కాదు, నీటికి ఇంకే దారి దొరకడం.

చేలో ఆపలేని మట్టిని మన పూర్వులు కట్ట కట్టి ఆపారు. చెరువును మనం నీటి పాత్రగానే చూడటానికి అలవాటు పడ్డాం. కాకతీయుల కాలపు రామప్ప, పాకాల, లక్నవరాల వంటి పెద్దవాటిని పక్కన పెట్టి, ఊరూరా ఉన్న గొలుసుకట్టు చెరువులను చూడండి. పైచెరువు మత్తడి దూకిన నీరు కిందిచెరువుకు చేరేలోగా పరుగు తగ్గుతుంది, బంకమన్ను దిగడానికి కావలసిన గంటలూ రోజులూ దొరుకుతాయి. చెరువు చేసే రెండో పని ఇదే, మట్టిని ఊరి పొలిమేరలోనే పట్టి ఉంచడం. వేసవిలో శిఖం ఎండగానే బండ్లు కట్టుకుని పూడిక మట్టిని చెలకలకు తోలుకోవడంతో ఆ చక్రం పూర్తయ్యేది. పారిన నీరు ఎత్తుకెళ్ళినదాన్ని మనిషి తిరిగి మెరకకు ఎక్కించాడు. నీరు పల్లమెరుగు, మట్టిని మళ్ళీ ఎత్తుకు చేర్చాలంటే చెమట తప్ప దారి లేదు. బోర్లు వచ్చి చెరువు మీద ఆధారం తగ్గాక ఈ పని ఆగింది, చెరువులు పూడాయి. 2015లో మొదలైన మిషన్ కాకతీయ 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణను లక్ష్యంగా పెట్టుకున్నప్పుడు పూడికను రైతులే తోలుకుపోవాలన్న నియమం పెట్టడం నా దృష్టిలో ఆ పథకంలో అన్నిటికన్నా తెలివైన భాగం. లోపమూ అక్కడే ఉంది. అన్ని పూడికలూ ఒకటి కావు. కట్ట దగ్గర బంకమన్ను దిగితే, వాగు చెరువులో కలిసేచోట ఇసుక దిగుతుంది. కొన్ని చెరువుల్లో ఉప్పు పేరుకుని ఉంటుంది. ఎర్రచెలకకు మేలు చేసే బంకమన్నును రేగడి చేలో పోస్తే నీరు దిగక పైరు ఉరకెత్తుతుంది. ఎన్ని ఘనపు మీటర్లు తీశారో బిల్లుల్లో ఉంది. ఏ మట్టి ఏ చేలో పడిందన్నదీ అంతే శ్రద్ధగా రాయాలి.

చెరువులో పూడిక ఎడ్లబండికి అందేది. పెద్ద జలాశయంలో పూడిక ఏ బండికీ అందదు. మంజీర మీద 1931లో పూర్తయిన నిజాంసాగర్ సామర్థ్యం 30 టీఎంసీలకు కాస్త తక్కువ. నాలుగు దశాబ్దాలు తిరిగేసరికి 12 టీఎంసీల లోపుకు పడిపోయి, తర్వాత ఎత్తు పెంచవలసి వచ్చింది. శ్రీరామసాగర్‌ను 112 టీఎంసీలకు కట్టారు, 1990ల సర్వేలో 90 దగ్గర తేలింది. పాత కొలతల్లో తప్పులు కొంత ఉండవచ్చు, ఆ వాదనను తోసిపుచ్చను. తవ్వితీస్తే సరిపోతుందన్నవాళ్ళ కోసం మాత్రం ఒక చిన్న లెక్క. 22 టీఎంసీలంటే సుమారు 62 కోట్ల ఘనపు మీటర్లు. పది ఘనపు మీటర్లు పట్టే లారీలు రోజుకు వెయ్యి చొప్పున, ఒక్కరోజు సెలవు లేకుండా తోలినా 170 ఏళ్ళు పడుతుంది. ఈలోగా వచ్చిపడే కొత్త మట్టి ఈ లెక్కలో లేదు.

ఇక్కడ కోనసీమ, దివిసీమల నుంచి ఎవరైనా లేచి గట్టిగా అడగవచ్చు. మీరు నష్టమంటున్న మట్టే మా ఊళ్ళు. కొట్టుకురాకపోతే డెల్టాయే లేదు. పూర్తిగా నిజం. ఆరేడు వేల ఏళ్ళ కిందట సముద్రం ఇప్పటి కొల్లేరు దాపుల్లో ఉండేదని పాత ఇసుక దిబ్బల వరుసలు చెబుతున్నాయి. ఆ తర్వాత ముందుకు జరిగిన నేలంతా గోదావరి, కృష్ణలు పీఠభూమి నుంచి తెచ్చి వేసినదే. లంకల సారం ఎగువ రాళ్ళ సారమే. అయితే ఆ పని మెరక నేలలు భరించగల నిదానంలో జరిగింది. ఇప్పటి పరిస్థితి వేరు. పైన చేలు పలుచబడుతున్నాయి, కింద డెల్టాకు మట్టి అందడం లేదు. 1970లలో గోదావరి ఏటా సుమారు 15 కోట్ల టన్నుల ఒండ్రు సముద్రానికి చేరిస్తే, 1990ల నాటికి అది 6 కోట్ల టన్నుల లోపుకు దిగింది. కృష్ణ తెచ్చేది దాదాపు లేనట్టే. 2009లో సివిట్‌స్కీ అనే శాస్త్రవేత్త బృందం ప్రపంచంలోని 33 డెల్టాలను పరిశీలించి, ఏటేటా పైపొర అందక కుంగుతున్న వాటిలో మన రెండింటినీ చేర్చింది. నష్టపోయినది ఎగువా దిగువా రెండూ, నడుమ జలాశయాల అడుగున పేరుకున్నది ఎవరికీ దక్కనిది. కాబట్టి ఎగువ చేలో మట్టిని ఆపమనడం డెల్టాకు ద్రోహం కాదు. కొండల నుంచీ నది ఒడ్డుల నుంచీ సహజంగా వచ్చేదాన్ని ఆపుతున్నది రైతు గట్టు కాదు, ఆనకట్ట.

ఆనకట్ట ఉన్నా మట్టిని సాగనంపవచ్చు. 1902లో నైలు మీద పూర్తయిన పాత అస్వాన్ ఆనకట్టకు 180 తూములు పెట్టారు. ఒండ్రుతో నల్లబడ్డ వరదను ఆ తూముల గుండా వదిలేసి, తేటపడ్డాక వచ్చే నీటినే నిల్వ చేశారు. 1970లో పూర్తయిన ఎత్తైన ఆనకట్ట ఆ పద్ధతిని ముగించింది, ఆ తర్వాత నైలు డెల్టా తీరం కోసుకుపోవడం పెరిగింది. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్టలో కూడా ఆర్థర్ కాటన్ మేట తోసేసే తూములు పెట్టాడు. మన నదుల్లో ఒండ్రు దాదాపు అంతా వానాకాలపు నెలల్లోనే వస్తుంది గనుక ఈ పద్ధతికి ఆధారం ఉంది. దీని మీద అసలైన అభ్యంతరం నీటి కరువు. తొలి వరదను వదిలేస్తే మలి వరద రాకపోతే ఎలా? కృష్ణకు ఈ భయం నిజమైనది. కొన్నేళ్ళు ఆ నదికి చెప్పుకోదగ్గ వరదే ఉండదు, అక్కడ ఒండ్రు కలిసిన తొలి ఎర్రనీటిని వదలమని నేను అడగలేను. శ్రీరామసాగర్ దాకా ఉన్న ఎగువ గోదావరిదీ ఇంచుమించు అదే స్థితి. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి కలిశాక మాత్రం గోదావరి వేరే నది. వేల టీఎంసీలు సముద్రంలోకి పోయే ఆ నదిలో తొలి ఎర్రనీటిని వదిలినా కొరత భయం లేదు. పోలవరం దగ్గర 194 టీఎంసీల జలాశయం నిండే ముందే గేట్ల నిర్వహణ నియమాల్లో ఇది ఎక్కాలి. నీటిలో ఒండ్రు ఎంతుందో రోజూ కొలవాలి, ఎర్రనీరు సాగినన్నాళ్ళూ గేట్లు ఎత్తి ఉంచాలి, తేటపడ్డాకే నింపుకోవాలి. నిండిన తర్వాత అడుగున దిగినదాన్ని తీయడానికి ఎన్నేళ్ళు పడుతుందో శ్రీరామసాగర్ లెక్కలో చూశాం.